ఎర్ర ఫిల్ములో పోయిన గీత

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఇది. నా తొమ్మిదో ఏట, ఇంటికి వెల్ల వేయడానికి అటక మీది ట్రంకుపెట్టె దింపినప్పుడు, తాత దాచుకున్న ఎర్ర ఫిల్ములోంచి సన్నని గీత ఒకటి గోటితో ఒలిచేశాను. రంగు బాగుందని నా మొదటి డైరీలో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. ఇప్పటికీ అందులోనే ఉంది.

తాత బెంగళూరులో చిప్పుల ఇంజనీరు. అప్పట్లో డిజైన్ కంప్యూటర్లో గీసేవారు కాదు. మంచమంత బల్ల మీద ఫిల్ము పరిచి, దాని ఎర్ర పొరను కత్తితో కోసి, అక్కర్లేనిది ఒలిచేవారు. మిగిలిన ఎరుపే చిప్పులో కరెంటు పారే తీగ. దాన్ని ఫోటో తీసి గోరంత చిప్పు మీదికి కుదించేవారు. కోసినవాడు కాక ఇంకొకరు సరిచూడాలి. తన కంటి మీద నమ్మకంతో తాత ఆ ట్రంకుపెట్టెలోని ఫిల్మును ఎవరికీ చూపించలేదు. ఆ చిప్పు పనిచెయ్యలేదు. కారణం తేలకుండానే ఆయన్ని డిజైన్ నుంచి టెస్టింగుకి మార్చేశారు.

రిటైరై కొత్తవలస వచ్చాక కూడా అన్నం దగ్గర అదే మాట, తన ఫిల్ములో తప్పు లేదని. తెరిచి చూడక్కర్లేదనేవాడు.

"ఆ సిప్పు సచ్చి యాభై ఏళ్ళయినాది. దినాలెప్పుడు సేస్తారో," అనేది నానమ్మ, మజ్జిగ వంపుతూ.

కిందటేడు నాకు చిప్పుల డిజైన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. మనవరాలికి తనే నేర్పుతానని తాత ఆ ఫిల్ము దింపించి కిటికీకి ఆనించాడు. భూతద్దం ఒకచోట ఆగిపోయింది.

"కత్తి గాటు ఉన్నాది. ఎరుపు లేదు." భూతద్దం దింపి అన్నాడు, "నేనే వొలిసేసినానే గుంటా."

ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు. డైరీ పట్టుకుని ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాను. మంచినీళ్ళ వంకతో వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. ఆయన ఫిల్ము చుట్టి తాడు కడుతున్నాడు. అన్నం దగ్గర చిప్పు ఊసెత్తలేదు. నానమ్మ మజ్జిగ గిన్నెతో కాసేపు ఎదురుచూసి, ఊరికే వంపేసింది.

ఉద్యోగం వచ్చింది. బండెక్కించడానికి తాత స్టేషనుకి వచ్చాడు. డైరీ ఉన్న సంచి జిప్పు సగం లాగి, మూసేశాను. నేను వెళ్ళిన పదకొండో రోజున ఆయన పోయాడు.

ఇప్పుడు నా డ్రాయింగు నాలుగుసార్లు చూసుకుంటాను. పక్క సీటామెకి చూపించాలని లేస్తాను, కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. ఆ రోజు బండి కదులుతుంటే, కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు నడుస్తూ తాత అన్నాడు:

"మన పని మన కంటికి బాగానే కనిపిస్తాదే. నాకు యాభై ఏళ్ళు అలాగే కనిపించినాది. ఇంకొకలికి సూపించు. సిగ్గుపడకు."