రోడ్డెక్కిన కాఫీ కెటిల్

మా ఊరు సెడార్ ఫోర్క్ దగ్గర పాత హైవే పక్కన ఒక కాఫీ కెటిల్ ఉండేది. మా ఊళ్ళో చర్చి శిఖరం తర్వాత అదే ఎత్తు. చెక్క చట్రం మీద రేకులు కొట్టి, కెటిల్ ఆకారంలో ఒలీటా గ్రిసమ్ వాళ్ళ నాన్న కట్టిన హోటల్ అది. లోపల ఒక కౌంటరు, గుండ్రటి స్టూళ్ళు, మూల ఇనప పొయ్యి. పొయ్యి గొట్టాన్ని ఆయన కెటిల్ ముక్కులోంచి బయటికి తీశాడు. ముక్కులోంచి పొగ వస్తోందంటే కాఫీ సిద్ధమన్నమాట. లారీ డ్రైవర్లు బోర్డు చూసేవాళ్ళు కాదు, ముక్కు చూసేవాళ్ళు.

కౌంటరు అందక సోడా పెట్టె మీద నిలబడే వయసులోనే ఒలీటా కాఫీ పోయడం మొదలుపెట్టింది. కొత్త హైవే ఊరికి దూరంగా వెళ్ళిపోయాక పెట్రోలు బంకు మూతపడింది, మోటెల్ రంగుదీపాలు ఆరిపోయాయి. భర్తను మట్టిచేసిన మర్నాడు కూడా ఆమె పొద్దున్నే పొయ్యి రాజేసింది.

ఆమెకు డెబ్బై దాటాక, ఆ స్థలం కొన్నవాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. మ్యూజియం వాళ్ళు కెటిల్‌ను నగరానికి తీసుకెళ్తామని వచ్చారు.

"అక్కడ కాఫీ పోయనిస్తారా?" అని అడిగింది.

చుట్టూ తాడు కట్టి చూపిస్తామన్నారు.

"అయితే వద్దు."

చివరికి చర్చివాళ్ళు అదే పాత రోడ్డు మీద, వాగు అవతల కాస్త చోటిచ్చారు. ఇళ్ళను ఉన్నవి ఉన్నట్టే ఎత్తి తరలించే వెండెల్ టాకెట్ వచ్చి, దూలాలను చాకుతో పొడిచి చూశాడు.

"సగం పుచ్చిపోయాయి ఒలీటా గారూ. దారిలో కూలిందంటే ఏరుకోడానికి రేకులే మిగుల్తాయి."

"ఇక్కడే ఉంటే అవీ మిగలవు. ఎత్తు నాయనా."

వాళ్ళ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. తరలించే ఇంట్లో నిండు గ్లాసు నీళ్ళు పెడతారు. దింపాక చుక్క తొణక్కుండా ఉంటేనే పని బాగా చేసినట్టు. "ఈ ఇంట్లో నీళ్ళేంటి!" అని ఒలీటా కప్పులో అంచుదాకా కాఫీ పోసి సాసర్లో పెట్టింది.

"అంత నిండుగానా? నా పరువు తీద్దామనా?"

"ఉంటేగా తీయడానికి!"

కెటిల్ కదిలింది. మేమంతా రోడ్డు పక్కన నిలబడ్డాం. కింది చక్రాల బండి గోధుమ పైరు చాటున పడిపోయాక, వెండిలా మెరుస్తూ కెటిల్ తనంతట తానే చేల మీద నడిచిపోతున్నట్టు కనిపించింది. మగవాళ్ళు టోపీలు తీసి చేత పట్టుకున్నారు.

అప్పుడు ముక్కులోంచి పొగ వచ్చింది.

అలవాటు కొద్దీ ఒలీటా పొయ్యిలో కట్టెలు నింపే దిగింది! రెండు లారీలు, పశువుల్ని తీసుకెళ్ళే ఒక వ్యాను కెటిల్ వెనక వరసగా చేరాయి. హోటల్ తెరిచే ఉందనుకున్నారు మరి.

వాగు మీది వంతెన ముందు వెండెల్ బండి ఆపించి, నీళ్ళ బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు. "పుచ్చు చెక్కలో నిప్పా! మతుందా మీకు?"

"చన్నీళ్ళు పోస్తే పొయ్యి పగులుతుంది. అది మా నాన్నది. దానంతటది ఆరనీ."

"అందాకా నేనేం చెయ్యను?"

"కాఫీ తాగు," అంటూ ఒలీటా నిచ్చెనెక్కింది.

"ఒక్కొక్కరే ఎక్కండిరా!" అని వెండెల్ అరుస్తుండగానే డ్రైవర్లు ఎక్కేశారు. వాళ్ళలో ఒకడు కౌంటరు మీదున్న కప్పు తీసుకుని గటగటా తాగేశాడు.

"ఒరే, అది నా పరీక్షరా!" అని వెండెల్ తల పట్టుకున్నాడు.

నిప్పు ఆరాక ఒలీటా మిగిలిన కాఫీని అదే కప్పులో పోసింది. మళ్ళీ అంచుదాకానే.

వంతెన మీదికి మమ్మల్ని రానివ్వలేదు. కెటిల్ ఎక్కగానే చెక్కలు మూలిగాయి. అది మెల్లగా అవతలి చెట్ల చాటుకు వెళ్ళిపోయింది. ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు. మేం చెట్ల పైనే కళ్ళు పెట్టుకుని నిలబడ్డాం.

సన్నగా, నిటారుగా పొగ లేచింది.

మేం పరుగున వెళ్ళేసరికి ఒలీటా పొయ్యి ఊదుతోంది. వెండెల్ స్టూలు మీద కూర్చుని చల్లారిన కాఫీ తాగుతున్నాడు. "పారబొయ్యి, వేడిది ఇస్తాను," అంటోంది ఆమె. అతను వినిపించుకోకుండా, లోపలికొచ్చిన ప్రతివాళ్ళకీ సాసరు ఎత్తి చూపిస్తున్నాడు. పొడిగా ఉంది.