తాతయ్య లేని మంగళవారం

నా చిన్నప్పుడు మా తాతయ్య ఒక మంగళవారం పొద్దున చనిపోయి సాయంత్రం కాకముందే లేచి వచ్చాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. వడ్లు ఇంటికి చేరి సరిగ్గా పదహారు రోజులు. ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందని మా తమ్ముడి కొడుకులు నవ్వుతారు. కొన్ని రోజులను మనం గుర్తు పెట్టుకోనక్కర లేదు, అవే ఉండిపోతాయి.

మాది శంషాబాద్ దగ్గర పాల్మాకుల పక్క ఊరు. ఇంట్లో ఎనిమిది మందిమి. తాతయ్య, అమ్మానాన్నలు, చిన్నాన్న, చిన్నమ్మ, నేను, తమ్ముడు, మా మేనత్త. పెళ్లయిన రెండో ఏట భర్త పోయి, పిల్లలు లేక, ఆమె పుట్టింటికి వచ్చి అప్పటికి పదకొండేళ్లు. భూమి ఆరెకరాల పన్నెండు గుంటలు. ఎకరానికి నలభై గుంటల లెక్కన రెండు వందల యాభై రెండు. అందులో బావి పక్కన ఉన్న ముప్పై రెండు గుంటల మడి మేనత్తదని తాతయ్య ఎప్పుడూ అందరి ముందూ అనేవాడు. అన్నాడు కాబట్టి అయిపోయిందనుకున్నాం. మా వైపు అప్పట్లో పెద్దవాళ్ల మాటను మించిన కాగితం లేదు.

ఆ ముందు రోజు తాతయ్య తొండుపల్లిలో ఒక స్నేహితుడి దినాలకు వెళ్లి వచ్చాడు. అక్కడ పిండాలు పెట్టిన చేతులతోనే కొడుకులు గట్టు తగాదాకు దిగారట. రాత్రి ఆయన సరిగా తినలేదు. పొద్దున్నే పశువుల కొట్టంలో మంచం వేయించుకుని అందరినీ పిలిచాడు.

"ఇయ్యాల పొద్దు గూకేదాక నేను లేననుకోండ్రి. నన్ను ఏదీ అడగొద్దు. నేను లేని ఇల్లు ఎట్లుంటదో జూస్త" అన్నాడు.

అవేం మాటలని మేనత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. చిన్నాన్న మాత్రం నవ్వి, "సచ్చినోడు చాయ్ తాగుతడా బాపూ?" అన్నాడు. తాతయ్య చెయ్యి చాచి గ్లాసు అందుకున్నాడు. ఆయనకు నీళ్లూ చాయ్ మోసే పని నాది.

పొద్దున అంతా ఆటలాగే సాగింది. వడ్ల గది తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. భూమి కాగితాల కోసం మూడు పెట్టెలు తిరగేసి, చివరికి బియ్యం కాగులో అడుగున పట్టుకున్నారు. మధ్యాహ్నం నాన్న, చిన్నాన్న ఆ కాగితాలు ముందు పెట్టుకుని పంపకం మాట ఎత్తారు. పోట్లాట ఏమీ లేదు. బావి పక్క మడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ ఆగిపోయారు. బతికినంత కాలం అక్క దున్నుకుంటుంది, ఆ తర్వాత పెద్దకొడుకుగా తనకు వస్తుంది, బాపు అన్నది అదేనని నాన్న అన్నాడు. కాదు, పంట మాత్రమే అక్కకు, భూమి ఇద్దరిదీ అని చిన్నాన్న అన్నాడు. ఒకే నోట ఒకే మాట పదకొండేళ్లు విని ఇద్దరూ రెండు రకాలుగా దాచుకున్నారు. అది అత్తదే కదా అని నేను అనబోతే అమ్మ కళ్లతోనే ఊరుకోమంది.

మేనత్త ఐదడుగుల దూరంలో, తెరిచి ఉన్న తలుపు అవతల జొన్నరొట్టెలు కొడుతోంది. ఆమెను ఎవరూ పిలవలేదు. ఆమె ఏ గదిలో ఉంటుందో, ఎవరి పొయ్యి దగ్గర తింటుందో, ఆ మాటే రాలేదు. కాసేపటికి రొట్టెల చప్పుడు ఆగింది.

నీళ్లకని లోపలికి వెళ్తే ఆమె తన అర్రలో, ఆ చిన్న గదిలో నేల మీద కూర్చుని రెండు చీరలు, ఒక దుప్పటి మూట కడుతోంది. ఎక్కడికి అత్తా అని అడిగాను.

"యాడికి లేదు బిడ్డా. ముందుగాల్నే సదురుకుంటే, పొమ్మని చెప్పే కష్టం ఎవ్వలకూ ఉండదు."

ఆమె ఏడవలేదు. మూట ముడి రెండుసార్లు విప్పి మళ్లీ గట్టిగా వేసింది. నేను కొట్టంలోకి పరుగెత్తి, అడగొద్దన్న మాట మరిచిపోయి, చూసింది చూసినట్టు తాతయ్యకు చెప్పేశాను. ఆయన సాయంత్రం దాకా ఆగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి ఆ అర్ర గడప మీద కూర్చున్నాడు. నాన్న, చిన్నాన్న వెనక నిలబడ్డారు.

"నీకేం గావాల్నో ఇన్నేండ్లు నేనే చెప్పిన గానీ నిన్ను అడగలే బిడ్డా. ఇప్పుడు అడుగుతున్న" అన్నాడు.

ఆమె మూట మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది. "భూమి తమ్ముళ్లకే రాయి బాపూ. నాకు గీ అర్ర ఒక్కటి సాలు. సచ్చేదాక ఎవ్వలూ పొమ్మనకుంటే సాలు."

"అర్ర రాస్త. మడి గూడ రాస్త. చేతుల గింజలున్నోళ్లకే ఇంట్ల పీట ఏస్తరు."

నాన్న తల దించుకున్నాడు. మా నాన్న గానీ చిన్నాన్న గానీ చెడ్డవాళ్లు కారు. తొమ్మిదో రోజు వాళ్లే బండి కట్టి తాతయ్యనూ మేనత్తనూ రిజిస్ట్రారు కచేరీకి తీసుకెళ్లారు. ముప్పై రెండు గుంటలు, ఆ అర్ర ఆమె పేరు మీదికి వచ్చాయి. మిగిలిన రెండు వందల ఇరవైలో చెరి సగం. కాగితం వచ్చాక కూడా మేనత్త ఆ మూట ఎనిమిది రోజులు విప్పలేదు. రోజూ పొద్దున వెళ్లి చూసేదాన్ని.

ఆమె ఆ అర్రలో మరో ఇరవై ఆరేళ్లు ఉండి, అక్కడే కన్నుమూసింది. ఎవరూ పొమ్మనలేదు. ఆ మడి ఉన్న చోట ఇప్పుడు విమానాశ్రయానికి వెళ్లే కార్లు తిరుగుతాయి.

నాకు డెబ్బై ఒకటి. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పి, పెళ్లి లేకుండా, శంషాబాద్‌లో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. విమానం మోతకు కిటికీ అద్దం అదిరినప్పుడల్లా ఇంట్లో ఇంకెవరో ఉన్నారనిపిస్తుంది. పోయిన నెల వీలునామా రాయడానికి కూర్చున్నాను. తమ్ముడు లేడు కాబట్టి, రాయకపోతే అంతా అతని కొడుకులకే వెళ్తుందని వకీలు చెప్పాడు. వాళ్లకు ఇవ్వాల్సింది రాశాను. ఆ తర్వాత, తలుపు అవతల ఎవరున్నారని చూశాను. గగన్‌పహాడ్ నుంచి పన్నెండేళ్లుగా రోజూ వచ్చి నాకు వండిపెట్టే మనిషి ఉంది. ఆమెకు ఏమివ్వాలో నేనే ఒక అంకె వేసి, మళ్లీ కొట్టేశాను. నిన్న పిలిచి కూర్చోబెట్టి ఆమెనే అడిగాను. ఇన్నేళ్లలో ఆమె నా ఎదురుగా కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"సోమారం దాక సోంచాయించి చెప్తనమ్మా" అంది.

ఈ రోజు శుక్రవారం. ఆమె పేరు రాసి, పక్కన గీత ఖాళీగా ఉంచాను.