మా మావయ్యకి మోగని బాకా

మా మావయ్య యుద్ధకాలంలో బర్మాలో మిలిటరీ లారీ నడిపాడు. తిరిగొచ్చాక రాజోలు దగ్గర లంకలో కొబ్బరితోట చూసుకుంటూ ఐదారేళ్ళు బతికాడు. పిల్లల్లేరు. బర్మాలో తన తోటి డ్రైవరును పూడ్చిపెట్టినప్పుడు బాకా ఊదారనీ, అంతమంది మనుషులూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారనీ చెబుతుండేవాడు. "నాకూ ఊదుతారే" అని అత్తయ్యతో అనేవాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని 'పటాలం' అని చాటుగా నవ్వేవారు. నేనూ నవ్వాను.

ఆయన తెల్లవారుజామున పోయాడు. నేను రాజోలులో బడి పంతుల్ని. కబురు అందగానే సైకిలు మీద వెళ్ళాను. అరుగు మీద నలుగురైదుగురు ఉన్నారు, అంతే. అత్తయ్య ఏడవడం లేదు. రేకు పెట్టె బోర్లించి కాయితాలు వెతుకుతోంది.

"కాకినాడ మిలిటరీవోళ్ళ ఆఫీసుకి తంతి ఇవ్వాలిరా అబ్బాయ్. మిలిటరీ నెంబరు రాస్తే బాకా ఊదే మనిషిని పంపుతారంట. మీ మావయ్య డిశ్చార్జి కాయితంలో ఉంటుంది. ఇందులోనే పెట్టేరు. ఏవైపోయిందో!"

ఆ కాయితం నా దగ్గరుంది. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకి బంజరు భూమి ఇస్తారని తెలిసి, అర్జీ రాసి పంపమని ఏడాది కిందట మావయ్య నాకిచ్చాడు. రేపు రాద్దామనుకుంటూ నా ట్రంకు పెట్టెలో పడేశాను. ఆయన అడిగినప్పుడు మాత్రం, "పంపేను మావయ్యా, కాయితం కూడా జతచేసేను, జవాబు రావాలి" అన్నాను. నాకిచ్చిన సంగతి ఆయన అత్తయ్యకు చెప్పలేదు కాబోలు. నేనూ చెప్పలేదు.

తంతి ఇవ్వడానికి బయలుదేరితే అత్తయ్య తమ్ముడు నా సైకిలు వెనక ఎక్కాడు. మా ఇంటి సందు ముందునుంచే వెళ్ళాం. ఆగితే ఎందుకని అడుగుతాడు. ఆగలేదు.

"నెంబరేదండీ మేష్టారూ?" అన్నాడు తపాలా గుమాస్తా.

"దొరకలేదండి. పేరు రాయండి, చాలు."

"పేరు చెబితే మిలిటరీవోళ్ళకి ఏం తెలుస్తాదండీ? అక్కడ అలాంటి పేరున్నోళ్ళు వందమంది ఉంటారు. సరే, మీ ఇష్టం."

"మా బావ కాయితం ముక్క పారేసే మనిషి కాదురా," అన్నాడు అత్తయ్య తమ్ముడు నా పక్కనుంచి. "సిగరెట్టు పెట్టెలు కూడా దాచేవోడు."

తపాలాఫీసు ముందే కూర్చున్నాం. పది గంటలకి జవాబొచ్చింది. నెంబరు వెంటనే తెలిపితే సాయంత్రానికి మనిషిని పంపుతామని. మా ఇల్లు అక్కడికి రెండు సందుల అవతల. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను తంతి కాయితం మడిచి జేబులో పెట్టుకుని, "పదండి, పొద్దెక్కుతోంది" అన్నాను.

లంకలో పెద్దాయన ఒకాయన మాకోసమే చూస్తున్నాడు. "మిలిటరీ పద్ధతి మిలిటరీదండి, మన పద్ధతి మనది. పొద్దు వాలకముందే కానిచ్చెయ్యాలి. ఆయ్," అన్నాడు. అత్తయ్య నా మొహంలోకి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

గోదావరి గట్టు ఎక్కేముందు పాడెను దించారు. దింపుడు కళ్ళం దగ్గర అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి, ఏమో, ప్రాణం ఉంటే పలుకుతారని. "మేనల్లుడివి, నువ్వు పిలవ్వయ్యా," అన్నాడు పెద్దాయన. వంగి "మావయ్యా" అన్నాను. రెండోసారీ అన్నాను. మూడోసారి నోరు పెగల్లేదు. ఆయన పలుకుతాడేమోనని నాకు నిజంగానే భయమేసింది. చూసినవాళ్ళు దుఃఖమనుకున్నారు. ఒకాయన నా వీపు నిమిరాడు.

తరవాత కట్టెలు అంటుకున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఉన్నవాళ్ళు కూడా త్వరత్వరగా స్నానానికి దిగారు.

పన్నెండో రోజున ఆ కాయితం పట్టుకెళ్ళాను. నిజం చెప్పెయ్యాలనే వెళ్ళాను. అత్తయ్యకు చదువు రాదు. దాన్ని రెండు చేతులతో అందుకుని, మీద ఉన్న ముద్రను వేలితో తడిమింది.

"ఎక్కడ దొరికిందిరా?"

"రేకు పెట్టె అడుగున పరిచిన పేపరు కిందే ఉందత్తయ్యా, ఇప్పుడే చూశాను," అన్నాను.

"అయితే నేనే సరిగ్గా వెతకలేదన్నమాట," అందావిడ.

ఆవిడ ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ, నా ఎదుట కూడా, ఒకటే చెప్పేది: "మా ఆయనకి బాకా ఊదేవోరండీ. నా కళ్ళకే కాయితం ఆనలేదు."