పాస్‌పోర్ట్‌కి పెట్టిన పసుపు

మా ఇంట్లో నా ఫైలుకు ఉన్నంత చెడ్డపేరు నాకు కూడా లేదు. నల్లటి జిప్పు ఫైలు, బియ్యం డబ్బాలో సగం బరువుంటుంది. హెచ్-వన్ వీసా మీద ఉన్న రోజుల్లో ఏ కౌంటర్ దగ్గర ఎవరు ఏ కాగితం అడుగుతారో తెలియక మొదలైన అలవాటు అది. గ్రీన్‌కార్డులు వచ్చి నాలుగేళ్లయినా పోలేదు. లైబ్రరీ కార్డుకి వెళ్లినా ఆ ఫైలు నా చంకలో ఉండాల్సిందే. మా ఆయన దాన్ని “నీ పెద్ద బిడ్డ” అంటారు. అసలు బిడ్డ మాత్రం పార్కింగ్‌లోనే నాకు పదడుగుల దూరం జరిగి, “అమ్మా, మనం జస్ట్ డెంటిస్ట్‌కి వెళ్తున్నాం” అంటుంది.

ఆ అసలు బిడ్డకి పోయినేడాది పదిహేనో పుట్టినరోజు వచ్చింది. మా ఊరు అల్ఫారెట్టాలో, మన తెలుగువాళ్లకి ఆ వయసు పుట్టినరోజంటే చిన్న పెళ్లే. హాలు, డీజే, ఫొటో బూత్, రెండొందల మంది అంకుల్సూ ఆంటీలూ. నేను మనసులో చీర రంగు కూడా అనుకుని పెట్టుకున్నాను. తను వచ్చి, “పార్టీ వద్దు. క్రూజ్‌కి వెళ్దాం. ఓన్లీ మన ముగ్గురం” అంది.

రోజంతా గది తలుపేసుకుని ఉండే పిల్ల, తనంతట తాను నాలుగు రోజులు మాతో గడుపుతానని అడగడం. ఆ మాట వినగానే నాకు కళ్లు చెమర్చాయి. కనిపించకూడదని అటు తిరిగి పప్పులో ఉప్పు వేశాను, అప్పటికే ఒకసారి వేసిన సంగతి మర్చిపోయి.

ఫ్లోరిడాలో ఓడెక్కి, బహామాస్ చూసి, మళ్లీ అదే రేవులో దిగడం. టికెట్లు బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి వివరంగానే చెప్పింది. మా ఇద్దరికీ ఇండియన్ పాస్‌పోర్టులూ గ్రీన్‌కార్డులూ తప్పనిసరి. పాపకి మాత్రం, ఇక్కడి పౌరురాలు, పదహారు నిండలేదు, ఓడ బయల్దేరిన రేవుకే తిరిగొస్తుంది కాబట్టి, బర్త్ సర్టిఫికెట్ చాలట.

నేను వింటానా? మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోక దిగిపోయి విమానంలో రావాల్సి వస్తే ఏం చేస్తామని అడిగాను. అలాగైతే పాస్‌పోర్ట్ ఉండటం మంచిదేనని ఒప్పుకుంది. “వాళ్లే అక్కర్లేదంటుంటే నీకెందుకు ఈ లొల్లి” అన్నారు మా ఆయన. పాప పాత పాస్‌పోర్ట్ గడువు ఎప్పుడో దాటిపోయింది. ముగ్గురం వెళ్లి కొత్తదానికి అప్లై చేశాం. ప్రయాణానికి సరిగ్గా రెండు వారాల ముందు, శుక్రవారం నాడు, పోస్టులో వచ్చింది.

ఇక్కడ నా తప్పు మొదలైంది. ఇంట్లోకి కొత్తది ఏదొచ్చినా నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టనిదే నేను వాడనివ్వను. చిన్నప్పుడు కొత్త పుస్తకానికి పసుపు పెట్టేదాకా మా అమ్మ పేరు రాయనిచ్చేది కాదు. నేను రైస్ కుక్కర్‌కి పెట్టాను, కారుకి పెట్టాను, మా ఆయన ఆఫీస్ లాప్‌టాప్‌కి కూడా పెట్టాను. ఆ రోజు పాస్‌పోర్ట్ అట్టకి పెట్టి ఊరుకున్నా బాగుండేది. అట్ట మీద పెడితే అట్టకే కదా, ప్రయాణం చేసేది లోపలున్న పిల్ల కదా అనిపించింది. తెరిచి, తన తరఫున నేను సంతకం చేసిన పేజీ మూలన కాస్త పసుపూ, దాని మీద కుంకుమా పెట్టాను.

నీళ్లు ఎక్కువయ్యాయి. పసుపు మూల నుంచి సంతకం మీదికి జారింది. కంగారుగా తడి టిష్యూతో తుడిచాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు పసుపూ కుంకుమా నా సంతకమూ కలిసి ఒకటే మరకగా తేలాయి. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టాను. పేజీ నిప్పు మీద అప్పడంలా మెలితిరిగింది.

ఆ సాయంత్రమే చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. తోలు కవర్‌లో పెట్టేసి, మా రెండు పాస్‌పోర్టుల కింద దాచాను. తర్వాతి రెండు వారాలూ ఇంట్లో ఎవరు పాస్‌పోర్ట్ మాటెత్తినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే నా పని. అమ్మాయి మాత్రం రోజూ రాత్రి భోజనం దగ్గర ఓడలో ఏం తింటుందో, ఏ జారుడుబల్ల ఎన్నిసార్లు ఎక్కుతుందో చెప్పేది. ఎన్నాళ్లకో అన్నం తింటూ మాతో అన్ని మాటలు. నేను తలూపుతూ తన కంచంలో ఇంకాస్త కూర వేసేదాన్ని.

ఓడ బయల్దేరే రోజు రేవు దగ్గర కారు దిగగానే పోర్టర్ వచ్చి పెద్ద సూట్‌కేసులు బండి మీద పేర్చుకున్నాడు. అవి నేరుగా ఓడలోకి వెళ్లిపోతాయి, మళ్లీ సాయంత్రం గది ముందే కనిపిస్తాయి. అప్పుడు మా ఆయన నా చంకలోని ఫైలు లాక్కుని నీలం సూట్‌కేసులో పెట్టి జిప్పేశారు. “పాస్‌పోర్టులు చేతిలో ఉన్నయ్ గదా, ఇంకేం కావాలె?”

మామూలు రోజైతే అక్కడే ఒక చిన్న యుద్ధం జరిగేది. ఆ రోజు నోరెత్తితే ఎందుకంత పట్టుదల అని అడుగుతారు. ఊరుకున్నాను. నా పెద్ద బిడ్డ బండెక్కి వెళ్లిపోయింది.

కౌంటర్ దగ్గర తెల్లజుట్టు పెద్దావిడ, మెడలో గొలుసుకి కళ్లజోడు. మా ఇద్దరి పాస్‌పోర్టులూ గ్రీన్‌కార్డులూ చూసి రెండు నిమిషాల్లో కానిచ్చేసింది. ఈ దేశంలో ఏ కౌంటర్ దగ్గరైనా చెమటలు పట్టేది మాకే. ఇక్కడ పుట్టిన పిల్ల పక్కన చూయింగ్ గమ్ నములుతూ నిలబడేది. ఆ రోజు ఆవిడ ఆగింది ఆ పిల్ల పాస్‌పోర్ట్ దగ్గరే. కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీని వెలుతురుకి పట్టుకుని, ఇది రక్తమా అని అడిగింది.

మా అమ్మాయి వంగి చూసింది. తను ఆ పేజీని చూడటం అదే మొదటిసారి.

“అమ్మా, ఇది ఎప్పుడు అయింది?”

“వచ్చిన రోజే.”

“టూ వీక్స్? నాకు ఎందుకు చెప్పలేదు?”

“ట్రిప్ పోతుందేమోనని భయమేసింది నాన్నా.”

మా ఆయన నా వైపు చూసి, మళ్లీ ఆ పేజీ వైపు తిరిగారు. తిడితే బాగుండుననిపించింది. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఈ పిల్ల మమ్మల్ని ఎక్కడికీ రమ్మనదు, మళ్లీ ఆ గది తలుపు మూసుకుపోతుంది అనుకున్నాను. ఓడ పోతే పోయింది, నా భయమంతా ఆ తలుపు గురించే.

తను కళ్లు తుడుచుకుని పెద్దావిడ వైపు తిరిగింది. అది రక్తం కాదనీ, పసుపనీ, కొత్త వస్తువు వస్తే మంచి జరగాలని మా ఇంట్లో అలా పెడతారనీ ఇంగ్లిష్‌లో చెప్పింది. మా అమ్మ కారు చక్రాలకి కూడా పెట్టింది, ఆ కారు బాగానే నడుస్తోంది అని కూడా చేర్చింది. ఇన్నేళ్లుగా తన ఫ్రెండ్స్ ముందు నేను కుంకుమ భరిణె బయటికి తీస్తే తల తిప్పుకునే పిల్ల.

పెద్దావిడ నవ్వింది గానీ రూలు రూలే. సూపర్‌వైజర్‌ని పిలిచింది. పొడుగాటి మనిషి, చేతిలో వాకీటాకీ. సంతకం కనపడటం లేదు, పేజీ పాడైంది, ఈ పుస్తకం తీసుకోలేమన్నాడు. తర్వాత పాప వయసు చూసి, బర్త్ సర్టిఫికెట్ ఉందా అని అడిగాడు.

ఉంది. నీలం సూట్‌కేసులో.

చెక్-ఇన్ ముగియడానికి నలభై నిమిషాలుంది. మా ఆయన వెనక్కి పరుగెత్తారు. సూపర్‌వైజర్ వాకీటాకీలో నీలం సూట్‌కేసు అని చెబితే, ఇక్కడ నీలంవి వందున్నాయని అట్నుంచి జవాబు. పిడికి కట్టిన పాత ఎర్ర జాకెట్టు ముక్కే మమ్మల్ని కాపాడింది. ఆ ముక్క కట్టినప్పుడు కూడా తండ్రీకూతుళ్లిద్దరూ నన్ను చూసి నవ్వారు.

సూట్‌కేసు తెచ్చి నేల మీదే తెరిచాం. పైన నైటీలు, కింద జంతికల ప్యాకెట్లు, మూడు కవర్లలో చుట్టిన ఆవకాయ సీసా. లైనంతా మమ్మల్నే చూస్తోంది. మామూలుగా అయితే మా అమ్మాయి ఇలాంటప్పుడు మాయమైపోతుంది. ఆ రోజు నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, నేను ఫైలు కోసం వెతుకుతుంటే ఆవకాయ సీసా రెండు చేతులతో పట్టుకుంది. ఓడలోకి ఇంటి తిండి తేకూడదు, అయినా ఆ సీసా సంగతి సూపర్‌వైజర్ అడగలేదు, మేం చెప్పలేదు.

ఫైల్లోంచి బర్త్ సర్టిఫికెట్ తీసి ఇచ్చాను. సూపర్‌వైజర్ దాన్ని చూసి, పాస్‌పోర్ట్ చూసి, నన్ను చూశాడు. కాగితం నాలుగు మూలలా పసుపు, వెలిసిపోయి లేత రంగులో ఉంది. “దీనికి కూడానా?” అన్నాడు. అక్షరాలకి గానీ ముద్రకి గానీ ఎక్కడా మరక అంటలేదు. పెద్దావిడ తొంగిచూసి, అప్పట్లో నీ చెయ్యి శుభ్రంగానే ఉండేదే అంది. ముగ్గురం నవ్వాం. ఓడ ఎక్కే కార్డులు మా చేతికొచ్చాయి.

ఓడ ఎక్కే వంతెన మీద నడుస్తుంటే అమ్మాయి నా పక్కకి వచ్చింది.

“నేను పుట్టినప్పుడు కూడా పెట్టావా?”

పెట్టాను. తను పుట్టి నెల కూడా కాలేదు. మా అమ్మకి వీసా రాలేదు, పురిటికి ఎవరూ లేరు. మా ఆయన ఆఫీస్‌కి వెళ్లాక పోస్టు వచ్చింది. పిల్లని భుజాన వేసుకుని ఒంటి చేత్తో కవర్ చింపాను. మా ఇంటికొచ్చిన కాగితాలన్నిట్లోనూ గడువు తేదీ లేని మొదటి కాగితం అది. తిప్పి తిప్పి వెతికాను, ఎక్కడా లేదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, వంటింట్లోకి వెళ్లి నాలుగు మూలలా పసుపు పెట్టాను.

ఇదంతా చెబితే విని, “నెక్స్ట్ టైమ్ ఏదైనా అయితే, నాకు చెప్పు. ఓకే?” అంది. ఓకే అన్నాను. ఓడలో కేకు కోసింది, జారుడుబల్ల పదకొండు సార్లు ఎక్కింది, పాస్తాలో ఆవకాయ కలుపుకుంది. ఒక్క పూట కూడా గది తలుపు వేసుకోలేదు, వేసుకోవడానికి ముగ్గురికీ ఉన్నది ఒకటే గది.

తిరిగొచ్చాక పాడైన పాస్‌పోర్ట్ బదులు కొత్తది తీసుకోవాలంటే, ఎలా పాడైందో కాగితం మీద రాసివ్వాలన్నారు. తనే టైప్ చేసింది. మా అమ్మ దీన్ని కొంచెం ఎక్కువగా దీవించింది అని మొదటి వాక్యం. తీసెయ్యమని పోరాను, తియ్యలేదు.

నెలన్నరకి కొత్తది వచ్చింది. నేను దాన్ని పోస్టు కవర్‌తో సహా కిచెన్ కౌంటర్ మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాను. తను స్కూల్ నుంచి వచ్చి పుస్తకం తీసి, ముందూ వెనకా చూసింది.

“పెట్టలేదా?”

“లేదు.”

పుస్తకాన్ని పక్కన పెట్టి, దేవుడి అలమర దగ్గరికి వెళ్లి పసుపు గిన్నె తెచ్చింది. ఖాళీ కవర్‌ని కౌంటర్ మీద సాపు చేసి, ఒక్కో మూలకీ వేలితో పెట్టింది. నాలుగో మూల దగ్గర ఆగి, నీళ్లు ఎక్కువయ్యాయా అని నన్నడిగింది. సరిపోయాయన్నాను. ఆరాక ఆ కవర్‌ని తనే ఫైల్లో పెట్టి జిప్పేసింది.