దేవుడి గూట్లో తాళాలు

మా పక్కింటి బాబాయి గారు పోయారు. నరసరావుపేట ఆసుపత్రిలో రెండు రోజులున్నారు, మూడో రోజు పొద్దున పోయారు. ఫోన్ వచ్చినప్పుడు నేను దీపం పెడుతున్నాను. విన్నాను. ఒత్తి సర్ది దీపం వెలిగించాను. ఆ తర్వాత ఏం చేశానో సరిగ్గా గుర్తు లేదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

సైకిల్ మీద వెళుతున్న ఆయనను గుద్దిన ట్రాలీ ఆటో మాది. తోలింది మా మరిది. ఆ మాట ముందు చెప్పకుండా ఆయన గురించి రాయకూడదనిపించింది.

బాబాయి గారు మాకు చుట్టం కాదు. నేను నాదెండ్ల దగ్గరి ఈ పల్లెకు కోడలిగా వచ్చిన నాటి నుంచి గోడ అవతలి మనిషి. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బస్సు తోలి రిటైరయ్యారు. ఆయన కుడికాలు మాత్రం రిటైరవలేదు. ఆటోలో ముందు సీట్లో కూర్చుంటే, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకు తొక్కేవారు. ఆయన భార్య, మా పిన్ని, వెనక నుంచి "ఇక్కడ కూడా స్టాపేనా? దిగేవాళ్లెవరూ లేరు, పోనియ్యండి" అని నవ్వేది.

ఆయన మందు ముట్టేవారు కాదు. ఎందుకు మానేశారో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవారు. "మా మేనకోడలి పెళ్లిలో రాత్రి పుచ్చుకున్నానమ్మాయ్. తెల్లారి తలంటుకున్నా, ఇడ్లీ తిన్నా, బొట్టు పెట్టుకున్నా. డిపోలో మిషన్ ఊదమన్నారు. ఊదితే కుయ్యిమంది. ఎనకమాల పదిమంది డ్రైవర్లు చూస్తన్నారు. మనిషికి దిగింది గానీ నెత్తురుకి దిగలా." కుయ్యి దగ్గరకు రాగానే ఈల వేసి చూపించేవారు. తన సిగ్గును తానే అంత తేలిగ్గా పంచిపెట్టిన మనిషిని నేను వేరే చూడలేదు.

ఊళ్లో ఏ విందు జరిగినా, భోజనాలయ్యాక గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

"ఒరేయ్, ఇటు రా. ఊదు."

"బీరే తాతా, మందు కాదు."

"బీరు తాగినోళ్లకి రోడ్డు వేరే ఏశారా ఏంది? తాళం ఇటియ్యి."

"నువ్వేమన్నా పోలీసోడివా?"

"పోలీసోడైతే కోర్టుకి పంపిస్తాడు. లైసెన్సు పోద్ది, జైలు కూడా పడొచ్చు. నేనైతే రేపు పొద్దున టీ పోసి మరీ తాళం ఇస్తా. ఎవరు మేలో నువ్వే చెప్పు."

నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే నేరమని ఆయనకు నోటికి వచ్చు. ముప్పై అంటే ఎంత తాగితే అవుతుందని ఒకసారి అడిగాను. "అది తెలవాలంటే తాగి చూడాలి. అదేగా వద్దంటంది" అన్నారు.

మా మరిది తాగుతాడు. నా భయం ఒకరోజు గోడ దగ్గర బాబాయి గారితో చెప్పుకున్నాను. "తాళాలు దేవుడి గూట్లో పెట్టమ్మాయ్, స్వామి పటం ఎనకమాల. ఒంట్లో మందుంటే ఆడు అటు చెయ్యి పెట్టడు. ఊదించే పని ఆ స్వామికి అప్పజెప్పు" అన్నారు. నాలుగేళ్లు అలాగే జరిగింది. తాగిన రోజు మరిది గుమ్మం దాకా వచ్చి, పటం వైపు చూసి, వెనక్కి వెళ్లి పడుకునేవాడు.

ఆ రోజు గోతాల్లో తొక్కిన మిరపకాయల టిక్కీలు మార్కెట్ యార్డుకు చేర్చాలి. ముందురోజు రాత్రి మరిది బంధువుల విందుకు వెళ్లి వచ్చాడు. పొద్దున తలస్నానం చేశాడు. నేనిచ్చిన నిమ్మకాయ మజ్జిగ రెండు గ్లాసులు తాగాడు. పూజగది గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"వదినా, తాళం అందియ్యి."

"నువ్వే తీసుకో."

"నువ్వియ్యి వదినా, టైమైపోతంది."

వాసన వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపలికి ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. మజ్జిగ తాగాడుగా, దిగిపోతుందిలే అనుకున్నాను. పటం వెనక నుంచి నా చేత్తోనే తీసి ఇచ్చాను.

పాల కేంద్రం దగ్గర గుద్దాడు. బండి అక్కడే వదిలేసి పోయి, మూడో రోజు స్టేషనుకు వచ్చాడు. అప్పటికి ఊదించినా, నెత్తురు తీసినా ఏమీ తేలదు. తాగి తోలాడని చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే.

పెద్దాడపడుచు వచ్చి నా పక్కన కూర్చుంది. "ఏమే, నువ్వేమన్నా ఆడి మూతి వాసన చూశావా? బాగానే ఉన్నాడను, అంతే. తాగాడంటే చానా ఏళ్లు పడిద్దంట. ఆడి పిల్లల మొకం చూడు. పోయినాయన ఎట్టాగూ రాడు."

నాకు గట్టిగా మాట్లాడడం రాదు. మా ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు.

స్టేషనులో ఎస్సై గారు అడిగారు. "తాగి ఉన్నాడండీ. తాళం నేనే ఇచ్చాను" అన్నాను. ఆయన రాయడం ఆపి, "తెలిసీ ఇచ్చానంటే మీ మీదకి కూడా వస్తదమ్మా. ఆలోచించుకున్నారా?" అన్నారు. రాసుకోమన్నాను. చదివి వినిపించారు. సంతకం పెట్టాను.

బాబాయి గారు ఉంటే నన్ను తిట్టేవారు కాదు. తనకూ ఆ పొద్దున దిగిపోయిందనే అనిపించిందని, ఆ పెళ్లి కథ మొదటి నుంచి మళ్లీ చెప్పేవారు.

ఆటో దిగి వచ్చేసరికి మా తలుపుకు లోపల గడియ వేసి ఉంది. తట్టినా ఎవరూ తియ్యలేదు. పక్కింటి అరుగు మీద పిన్ని ఒక్కతే కూర్చుని ఉంది. నేను స్టేషనుకు వెళ్లానని ఆమెకు తెలుసు. ఏం చెప్పానో తెలియదు. రెండు మాటల్లో చెప్పాను, తాళం సంగతితో సహా. పిన్ని చాలాసేపు వీధి వైపే చూసింది. తర్వాత ఒక పక్కకు జరిగింది. అరుగు మీద ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీ అయింది. నేను నిలబడే ఉన్నాను.