అందరి తర్వాత మాట్లాడిన మేడంగారు

మొన్న ఆదివారం పొద్దున ఒంగోలు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, మేడంగారు పోయారంట" అంది. ఏ మేడంగారని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ మాటకి ఒక్కరే మనిషి. ఎనభైల్లో మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చి, కొన్నేళ్ళు ఉండి వెళ్ళినావిడ. గుంటూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. చిన్న జ్వరమే అనుకున్నారట, ఆసుపత్రికి బయల్దేరేలోపే ప్రాణం పోయిందట.

సాయంత్రం గుంటూరులో సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, తెలిసినవాళ్ళెవరైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. నా వైపు కూడా చూశారు. అక్కడ చెప్పలేకపోయిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో నేను మా ఊళ్ళో పోస్టాఫీసు చూసుకునేవాణ్ణి. చిలకలూరిపేట నుంచి ప్రకాశం జిల్లా వైపు వెళ్ళే దారిలో, రోడ్డు దిగి లోపలికి వస్తే మా ఊరు. నల్లరేగడి నేల. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. బడికి తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సలహా సంఘం ఒకటుందని మాకందరికీ తెలుసు. అది ఏం చేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఏడాదికోసారి ఊరి పెద్దలు నలుగురూ హెడ్మాస్టరు గదిలో కుర్చీల్లో కూర్చుని, పకోడీలు తిని, టీ తాగి, సంతకాలు పెట్టి వచ్చేవారు. వాళ్ళల్లో కొందరికి బడికి వెళ్ళే పిల్లలే లేరు.

మేడంగారు వచ్చిన కొత్తలో ఒకరోజు ఇన్‌లాండ్ కవర్లు కొనడానికి పోస్టాఫీసుకి వచ్చారు. కవర్లు సంచిలో పెట్టుకుంటూ, "మీ అమ్మాయి ఎనిమిదో తరగతి కదండీ? శనివారం సంఘం మీటింగుకి రండి" అన్నారు.

"నేనెందుకండీ, పెద్దవాళ్ళున్నారుగా" అన్నాను.

"వాళ్ళు ఊరికి పెద్దవాళ్ళండీ. నాకు కావాల్సింది పిల్లల తల్లీ తండ్రీ" అన్నారు. గొంతు పెంచలేదు, నవ్వనూ లేదు. నేను వెళ్ళకుండా ఉండలేకపోయాను.

ఆ మొదటి మీటింగు పదో తరగతి గదిలో పెట్టారు. కుర్చీ ఒక్కటీ లేదు. అందరూ పిల్లలు కూర్చునే బెంచీల మీదే. మా ఊరి పెద్దరైతు, బడి ప్రహరీకి రాయి ఇచ్చిన మనిషి, బెంచీకీ బల్లకీ మధ్య మోకాళ్ళు పట్టక అవస్థ పడుతుంటే గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఏందమ్మా ఇది, మమ్మల్ని మళ్ళీ పదో తరగతిలో చేర్చావా?" అన్నాడాయన. "పాసయ్యేదాకా ఇక్కడేనండి" అన్నారు మేడంగారు. ఆయన కూడా నవ్వేశాడు. వరండాలో నిలబడ్డ, ఊరి చివర పాలెం నుంచి వచ్చిన కూలి ఆడవాళ్ళని ఆవిడే బయటికి వెళ్ళి లోపలికి తీసుకొచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టారు.

టీ, పకోడీల బదులు ఉడకబెట్టిన శనక్కాయలు పెట్టించేవారు. "నోట్లో శనక్కాయ ఉంటే మనిషి అరవలేడండీ" అనేవారు. నిజమే, వలుచుకుంటూ తగువులాడటం కష్టం.

ఆవిడ పద్ధతులు ఆవిడకుండేవి. నెలనెలా పెట్టే ప్రతి మీటింగూ, కిందటిసారి మనం చెప్పిన సలహా ఏమైందో చెప్పడంతో మొదలయ్యేది. చేశారా, చెయ్యలేదా, చెయ్యకపోతే ఎందుకు. ఆ తర్వాత, ఎప్పుడూ మాట్లాడని వాళ్ళని ముందు అడిగేవారు. మాస్టర్లలోనూ అంతే, కొత్తగా చేరినవాళ్ళు ముందు, సీనియర్లు తర్వాత. ఎవరేం చెప్పినా, "మీరనేది ఇదేనా?" అని తన మాటల్లో తిరిగి చెప్పేవారు. వాళ్ళు అవునంటేనే ముందుకి కదిలేది. దీనితో మీటింగులు సాగేవి. విసుక్కునేవాళ్ళం కూడా. అందరూ అయ్యాక గానీ తన అభిప్రాయం చెప్పేవారు కాదు. ఒకసారి అడిగాను. "నేను ముందు చెబితే మీరంతా సరేనంటారు. ఆ మాత్రానికి ఇంతమందిని పిలవడం ఎందుకు, నా గదిలో నేనొక్కదాన్నే అనుకుంటే పోలా?" అన్నారు.

"సలహా సంఘమంటే సలహా ఇచ్చి పోవటమేగా, ఇంత రామాయణం ఎందుకమ్మా" అని పెద్దరైతు ఒకసారి అడ్డం తగిలాడు. "సలహా ఇవ్వడంతో మీ పని అయిపోతే నా పని కూడా వినడంతో అయిపోద్దండి. అందుకే మళ్ళీ వచ్చి అడగండి అంటున్నాను" అన్నారావిడ.

ఇలా నడుస్తుండగా మిరప కోతలు వచ్చాయి.

మా వైపు కోతలు మొదలైతే బడిలో ఆడపిల్లల బెంచీలు ఖాళీ అవుతాయి. ఏటా జరిగేదే. పరీక్షల ముందు నెలల్లో పిల్లలు రారు, వచ్చాక పాఠం అందదు, తప్పుతారు, మానేస్తారు. అంతకు ముందు ఎవరూ దాన్నొక సమస్య అనుకోలేదు. వాన పడటం, ఎండ కాయటం లాగా అదీ ఒకటి అనుకున్నాం. మేడంగారు దాన్ని సంఘం ముందు పెట్టారు.

ఒంటిపూట బడి పెడదామన్నారు సోషల్ మాస్టారు. పొద్దున్నే మొదలెట్టి మధ్యాహ్నానికి వదిలేస్తే, పిల్లలు చదువూ చదువుకుంటారు, తర్వాత పొలానికీ వెళతారని ఆయన వాదన. చిలకలూరిపేట నుంచి బస్సులో వచ్చే మాస్టర్లందరికీ అది నచ్చింది, మధ్యాహ్నం బస్సుకి ఇంటికి పోవచ్చు. పెద్దరైతుకీ నచ్చింది, మధ్యాహ్నం నుంచి కోతకి చేతులు దొరుకుతాయి. నాకూ బాగానే అనిపించింది. పాలెం ఆడవాళ్ళని అడిగితే ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "మీ ఇష్టమండి" అన్నారు. చివర్లో మేడంగారు కూడా ఒంటిపూట బడే మంచిదన్నారు. పై అధికారుల దగ్గరికి తిరిగి అనుమతి ఆవిడే తెచ్చారు.

తర్వాతి మీటింగులో, అలవాటు ప్రకారం, కిందటి సలహా సంగతితో మొదలుపెట్టారు. నిలబడి చెప్పారు. "ఒంటిపూట బడి పెట్టాం. ఆడపిల్లలు అంతకు ముందుకన్నా తక్కువ వస్తున్నారు. ఎందుకో నాకు తెలియటం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి."

అప్పుడు ముందు వరసలోంచి మరియమ్మ లేచింది. కూలికి పోయే మనిషి, కూతురు తొమ్మిదో తరగతి.

"నేను చెప్తే కోపం రాదు గదమ్మా?"

"రాదు. చెప్పు."

"మేం తెల్లారేతలికి పొలంలో ఉండాల. ఎండ ముదిరితే కాయ కొయ్యలేం. చంటోణ్ణి యాడ పెట్టేది? చేలో పెడితే ఆ ఘాటుకి కళ్ళు వాచిపోతన్నయ్. అందుకని పిల్ల ఇంటికాడ ఉండి వాణ్ణి చూసుకోవాల. మీరు బడి పెట్టింది సరిగ్గా ఆ యేళకే. ముందన్నా మజ్జాన్నం నేనింటికొచ్చినాక ఆ కాస్తా వచ్చేది. ఇప్పుడు ఆ కాస్తా లేకుండా పోయింది."

"మరి అప్పుడే చెప్పాల్సింది కదా" అన్నారు సోషల్ మాస్టారు.

"చెప్దామనే అనుకున్నానండి. మీరంతా సంతోషంగా ఉన్నారు, ఎందుకులే అని ఊరుకున్నా."

మేడంగారు కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "మరియమ్మా, నువ్వనేది ఇదేనా?" అని ఆ మాటలన్నీ తిరిగి చెప్పారు. ఆమె తల ఊపింది. అప్పుడన్నారు, "మా అమ్మా కూలికి పోయిందే. కానీ మా ఇంట్లో అమ్మమ్మ ఉండేది. తమ్ముళ్ళని ఆవిడ చూసుకునేది, నేను బడికి పోయేదాన్ని. అందుకే నాకిది తట్టలేదు. నేను చెప్పింది తప్పు. మార్చుకుందాం."

ఒక హెడ్మిస్ట్రెస్ తన మాస్టర్ల ముందూ ఊరి ముందూ అలా అనగా నేను వినడం అదే మొదటిసారి. ఆ మాటతో ఆవిడ చిన్నబోతారేమోనని నాకు భయం వేసింది. గదిలో జరిగింది వేరు. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు లేచి మాట్లాడటం మొదలుపెట్టారు. మా ఇంటికాడా ఇంతే, మా ఇంటికాడా ఇంతే అని. సంఘంలో అంతవరకు గొంతు వినిపించని మనుషులు ఎంతమందో ఆ రోజు తెలిసింది.

చివరికి తేలిందేమిటంటే, బడి పాత వేళకే ఉండాలి, ఆడపిల్లలు చంటిపిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చు. బడి వెనక వరండాలో చీరలతో ఉయ్యాలలు కడతారు. కోతకి పోలేని ముసలమ్మలు వంతులవారీగా కూర్చుంటారు.

మాస్టర్లకి ఇది మింగుడు పడలేదు. మధ్యాహ్నం బస్సు పోయింది, పైగా ఏడుపులు. "మేడం, ఇది బడా, బాలవాడీనా?" అని సోషల్ మాస్టారు గట్టిగానే అన్నారు. "ఆ పసివాణ్ణి చంకనేసుకుని ఉన్నది మన తొమ్మిదో తరగతి పిల్లేగా మాస్టారూ. వాడు బయట ఉంటే ఆమె కూడా బయటే" అన్నారావిడ. ఆయన సమాధానపడలేదు. చాలారోజులు స్టాఫ్ రూములో ఆవిడతో ముక్తసరిగా ఉన్నారు. ఆవిడ మాత్రం ప్రతి మీటింగులోనూ ఆయన అభ్యంతరం ఆయన చేతే చెప్పించేవారు. "ఆయన అన్నదీ అందరూ వినాలి కదండీ" అనేవారు. వినగా వినగా, ఏడుపుల వల్ల పాఠం నిజంగానే చెడుతోందని మేడంగారే ఒప్పుకుని, ఉయ్యాలల్ని క్లాసులకి దూరంగా ఉన్న డ్రిల్లు షెడ్డులోకి మార్పించారు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. కొందరు పిల్లలు రానేలేదు. మరియమ్మ కూతురు మాత్రం రోజూ వచ్చింది. షెడ్డు దగ్గర తమ్ముణ్ణి అప్పజెప్పి, చేతులు కడుక్కుని క్లాసులోకి పరిగెత్తేదని మా అమ్మాయి చెప్పేది. మరుసటేడు ఆ పిల్ల పదో తరగతి పాసైంది. పాలెం నుంచి ఆ పరీక్ష పాసైన మొదటి ఆడపిల్ల.

ఆ వేసవిలోనే మేడంగారికి బదిలీ ఆర్డరు వచ్చింది. దూరంగా, దాచేపల్లి అవతలికి. కోత కూలీలని చెడగొడుతోందని ఎవరో పైకి చెప్పారని ఊళ్ళో గుసగుసలు. పెద్దరైతన్నారు కొందరు, మాస్టర్లన్నారు ఇంకొందరు. నిజం నాకు ఇప్పటికీ తెలియదు. నేనూ, మరియమ్మా, ఇంకొందరం కలిసి, సంఘం తరఫున గుంటూరు వెళ్ళి బదిలీ ఆపించాలని అనుకున్నాం. చివరి మీటింగులో ఆ మాట ఎత్తాను.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "ఇది పిల్లల కోసం పెట్టుకున్న సంఘమండీ. నా సంగతి ఇందులోకి రాకూడదు. రేపు వచ్చే హెడ్మాస్టరు మీ మీద అనుమానంతో వస్తే ఇది మళ్ళీ పకోడీల సంఘం అయిపోద్ది" అన్నారు.

"అయితే మీరు పోతే మాకు బాధ ఉండదా అమ్మా?" అంది మరియమ్మ.

"ఉంటది. నాకూ ఉంటది. అది ఇంటికొచ్చి చెప్పు, ఇక్కడొద్దు" అన్నారు.

ఆవిడ తర్వాత వచ్చిన హెడ్మాస్టరు మంచివాడే. సంఘం నడిచింది. కొన్నాళ్ళకి గదిలోకి కుర్చీలు మళ్ళీ వచ్చాయి. అయినా పాలెం ఆడవాళ్ళు ముందు వరస వదల్లేదు.

ఆవిడ ఊరు వదిలిన రోజు మధ్యాహ్నం బస్సు రాలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. చుట్టూ మేం పదిమందిమి. అంతలో ధర కోసం ఇంట్లో ఆపుకున్న పత్తి వేసుకుని, చిలకలూరిపేట జిన్నింగు మిల్లుకి పోతూ పెద్దరైతు ట్రాక్టరు వచ్చి ఆగింది. ఆయనే నడుపుతున్నాడు. మా అందరి ముఖాలూ బిగుసుకున్నాయి. ఆయన దిగి, తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బస్సు ఇక రాదమ్మా. నేను దింపుతా, ఎక్కండి" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని చూశారు. "పదండి" అన్నారు. ఇంజను పక్కన కూర్చోమంటే వేడి అని వెనక తగిలించిన ట్రక్కు ఎక్కారు. ట్రంకుపెట్టె ఆయనే ఎత్తి పైకి అందించాడు. పత్తి కుక్కిన గోనె బోరేల మీద సర్దుకుని కూర్చుని, నల్ల గొడుగు తెరిచారు. ట్రాక్టరు కదిలింది. కుదుపుకి బోరేల్లోంచి దూది పింజెలు లేచి రోడ్డు మీద తేలుతున్నాయి. ఆ తెల్లటి దూది కుప్ప మీద ఆ నల్ల గొడుగు, గతుకు గతుక్కీ ఊగుతూ, పెద్దరోడ్డు మలుపు దాకా కనిపించింది.