అన్నా అని పిలిచినందుకు

మార్కాపురంలో నేను పనిచేసిన బట్టల దుకాణంలో ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాళ్లం కాదు. యజమాని అందరికీ పెదనాయన, మేనేజరు అందరికీ అన్న. ఆ అన్నే ఒకరోజు మేడ మీది గోడౌన్‌లో చీరల కట్ట అందిస్తూ నా నడుం మీద చెయ్యి వేశాడు. మొదటిసారి పొరపాటేమో అనుకున్నాను. రెండోసారి వేసిన చెయ్యి తియ్యలేదు. కట్ట వాడి కాళ్ల మీద పడేసి కిందికి దిగొచ్చాను. ఒళ్లు మండిపోయింది.

నేరుగా పోయి యజమానికి చెప్పాను. ఆయన గల్లాపెట్టె మీంచి తలైనా ఎత్తలేదు.

"ఏంది పాపా, నోరారా అన్నా అని పిలుస్తావు గదా! అన్న చెయ్యి తగిలితే ఇంత రచ్చ చేస్తారా? పో, నేను చూసుకుంటాలే."

ఏం చూసుకుంటాడో తెలియక నాకు కాలు ఒకచోట నిలవలేదు. పచ్చ చీర అడిగినవాళ్ల ముందు ఎర్రది పరిచాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే కొనేవాళ్ల మధ్యకు జరిగి నిలబడేదాన్ని. మానేద్దామా? ఇంకో దుకాణంలో "అక్కడ ఎందుకు మానేసినావు?" అంటే ఏం చెప్పను? అయినా, తప్పు చేసింది వాడైతే నేనెందుకు మానాలి!

చివరికి మా వార్డు సచివాలయంలో మహిళా పోలీసును అడిగాను. "పదిమంది, ఆ పైన పనిచేసే చోట ఇట్లాంటి ఫిర్యాదులు వినేదానికి కమిటీ పెట్టాల్సింది మీ యజమానేనమ్మా. పెట్టకుంటే ఆ తప్పు ఆయనదే. నువ్వు ఒంగోలుకు పోయి జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు," అంది.

మర్నాడు దుకాణం తెరవగానే యజమాని అందరినీ పిలిచాడు. పళ్లెంలో కుంకుమ, అక్షింతలు, ఒక రాఖీ. మేనేజరు అప్పటికే చొక్కా చెయ్యి మడిచి ఇకిలిస్తున్నాడు.

"కట్టు పాపా. ఈ పొద్దు నుంచి సొంత అన్న అయితాడు. గొడవ ఉండదు."

ఓరి దేవుడా, ఇదా చూసుకోవడం!

"కట్టను పెదనాయనా. నాకు అన్న వద్దు, కమిటీ కావాలి," అన్నాను. ఆపకుండా మహిళా పోలీసు చెప్పిందంతా అప్పజెప్పాను.

"వాడేదో చేస్తే నాకేం సంబంధం? నాకేం తెల్సు?" అని ఆయన గయ్యిమన్నాడు.

చీరల సెక్షన్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న అక్క ఒకామె ఉంది. ఎవరితోనూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆమె ముందుకొచ్చింది.

"తెలియకేం పెదనాయనా? పోయినేడు నాతో కూడా ఇట్లనే కట్టించినారు గదా. కట్టినాక కూడా వాడు మారలేదు. ఇంక గోడౌన్‌లోకి పోనంటే పోనన్నాను. అందుకే గదా, నా బదులు ఈ పాపను పంపించినారు?"

నన్ను మొదటిసారి గోడౌన్‌లోకి పంపించిన రోజు ఆయన నవ్వుతూ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "పైన అన్న ఉంటాడు, భయమేం లేదు, పో పాపా," అన్నాడు.

ఆ పూటే అక్కా నేనూ ఒంగోలు బస్సెక్కాం. జిల్లా కమిటీకి ఇచ్చిన ఫిర్యాదులో మేనేజరు కంటే ముందు పెదనాయన పేరే రాశాం.